మాయ ముందే చెప్పే మాట

కొమురవెల్లిలో ఇచ్చిన ధర్మనిధి స్మారక ఉపన్యాసం



ఈ ధర్మనిధి ఒక నర్సమ్మ జ్ఞాపకార్థం పెట్టింది. తన పేరు గోడల మీద రాయవద్దని ఆమె బతికుండగానే ఇంటివాళ్లకు చెప్పిపోయింది. ఆ మాట మీద గౌరవంతో నేనూ పేరు తీయడం లేదు. 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడక ముందు, ఈ ఊళ్లన్నీ వరంగల్ జిల్లా కింద ఉన్న రోజుల్లో ఆమె ఇక్కడ కాన్పులు చూసింది. ఆమె సంచిలో బీపీ మిషన్‌తో పాటు ఒక స్పిరిట్ దీపం, రెండు గాజు గొట్టాలు ఉండేవి. గర్భిణి మూత్రం గొట్టంలో ముప్పాతిక వంతు పోసి, పై భాగం మాత్రమే మంటకు చూపేది. వేడికి మూత్రం మసకబారితే రెండు మూడు చుక్కల అసిటిక్ ఆమ్లం వేసేది. మసక విడిపోతే భయం లేదు. తెల్లగా అట్లనే నిలిచిపోతే అది ఆల్బుమిన్. అది చూసిన రోజు ఆ పిల్లను బండి ఎక్కించి ఆసుపత్రికి పంపేదాకా ఆ వాకిట్లోంచి కదిలేది కాదని పెద్దవాళ్లు చెప్తారు.

ఆ పరీక్షకు పెద్ద చరిత్రే ఉంది. 1843లో లండన్ గైస్ ఆసుపత్రిలో జాన్ లీవర్ అనే వైద్యుడు ఫిట్స్ వచ్చిన గర్భిణుల మూత్రాన్ని ఇట్లాగే కాచి, అందులో ఆల్బుమిన్ ఉందని గుర్తించాడు. అప్పటినుంచి ఒకటిన్నర శతాబ్దం పాటు మన చేతిలో ఉన్నవి మూత్రంలో ఆల్బుమిన్, తర్వాత తోడైన చేతికి కట్టే బీపీ పట్టీ, ఈ రెండే. రెండూ జబ్బు వచ్చాక చెప్పేవే. జబ్బు రావడానికి వారాల ముందే రక్తంలో కనిపించే రెండు పదార్థాల గురించి ఈ రోజు మాట్లాడతాను. వాటిని కొలిచే రక్తపరీక్ష హైదరాబాద్ పెద్దాసుపత్రుల కన్నా కొమురవెల్లి లాంటి ఊళ్లకే ఎక్కువ అవసరమని నా నమ్మకం. ఆ సంగతి మీ ముందు నిరూపించాలనే వచ్చాను.

జబ్బు పేరు ప్రీఎక్లాంప్సియా. పాతకాలం పుస్తకాల్లో గుర్రపువాతం అన్నారు. మన ఇళ్లల్లో అయితే "నీరు పట్టింది", "బీపీ ఎక్కింది", "ఫిట్స్ వచ్చినయి" అంటాం. గర్భం ఇరవై వారాలు దాటాక అంతకుముందు లేని బీపీ 140/90 గానీ అంతకుమించి గానీ రావడం, దాంతో పాటు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, లివర్, కిడ్నీ, మెదడు, ప్లేట్‌లెట్లు దెబ్బతినడమో, కడుపులో బిడ్డ ఎదగకపోవడమో జరిగితే అది ఈ జబ్బే. ముదిరితే ఫిట్స్, మెదడులో రక్తస్రావం, ఊపిరితిత్తుల్లో నీరు. ప్రపంచవ్యాప్తంగా నూటికి 3 నుంచి 8 గర్భాల్లో వస్తుందని, ఏటా సుమారు 46,000 మంది తల్లులు, దాదాపు 5 లక్షల మంది శిశువులు దీనివల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మన రాష్ట్రం తల్లుల మరణాలను చాలా తగ్గించింది. 2014-16లో లక్ష సజీవ జననాలకు 81గా ఉన్న తెలంగాణ మాతృమరణాల నిష్పత్తి 2018-20 నాటికి 43కు దిగింది. అదే కాలంలో దేశం సగటు 97. కాన్పుల్లో 97 శాతం ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఈ సభలో కూర్చున్న ఆశా అక్కల కాళ్ల కష్టం ఆ అంకెల్లో ఉంది. ఇక మిగిలిన మరణాలు తగ్గించడం కష్టమైన పని. ఆసుపత్రికి రానివాళ్లను రప్పించడం ఒక దశ. వచ్చినవాళ్లలో ఎవరికి ముప్పు ఉందో ముందే పసిగట్టడం తర్వాతి దశ. మనం ఇప్పుడు అక్కడున్నాం.

ఆ పసిగట్టడం ఎంత కష్టమో మన జాతరలోనే చూడండి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం ఈ కొమురవెల్లి గుట్ట పసుపుమయం అవుతుంది. ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తారు, ఆడవాళ్లు బోనాలెత్తుతారు. పిల్లల కోసం మొక్కుకున్నవాళ్లు, మొక్కు తీరి చెల్లించుకోవడానికి వచ్చేవాళ్లు, ఏడో నెల గర్భంతో మెట్లెక్కేవాళ్లు అందరూ ఉంటారు. అంత ఎండలో, అంత జనంలో ఒక పిల్ల తల పట్టుకుని కూర్చుంటే "ఎండ తగిలింది, కాసేపు నీడకు కూర్చో" అంటాం. కాళ్లు ఉబ్బితే "నడిచింది కదా" అంటాం. కడుపు పైభాగంలో, కుడి డొక్క కింద నొప్పంటే "పులిహోర పడలేదు" అంటాం. ఆ మూడూ ఈ జబ్బు లక్షణాలే కావచ్చు. నిజంగా ఎండ వల్లే కూడా కావచ్చు. రెండింటికీ తేడా పైకి చూస్తే తెలియదు. పరీక్ష కావాల్సింది ఇక్కడే.

ఇప్పుడు జబ్బు పుట్టే చోటికి పోదాం. జబ్బు మూలం మాయలో ఉంది. బిడ్డకు తిండి, గాలి అందించేది మాయ. గర్భం మొదటి నెలల్లో మాయ కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయి, అక్కడి సన్నని మెలికల ధమనులను వెడల్పు చేస్తాయి. కండతో బిగుసుకుని ఉండే నాళం మెత్తబడి, ఎప్పుడూ రక్తం ధారాళంగా పారేట్టు తయారవుతుంది. కొందరిలో ఆ పని సగంలో ఆగిపోతుంది. నాళాలు ఇరుగ్గానే మిగిలిపోతాయి. బిడ్డ చిన్నగా ఉన్నంతకాలం సరిపోతుంది. ఐదో నెల, ఆరో నెల దాటి అవసరం పెరిగేసరికి మాయకు రక్తం చాలదు.

ఇంతవరకు చాలాకాలంగా తెలిసిందే. తెలియనిదల్లా, గర్భసంచిలో ఉన్న మాయకు రక్తం చాలకపోతే తల్లి కిడ్నీ, లివర్, మెదడు ఎందుకు దెబ్బతినాలి అన్నది. మాయ బయటికి రాగానే చాలామందిలో జబ్బు దిగిపోతుంది కాబట్టి, అది రక్తంలోకి ఏదో వదులుతోందని అందరూ అనుమానించారు. ఏమిటది?

జవాబు ప్రసూతి వైద్యుల నుంచి రాలేదు, కిడ్నీ వైద్యుల నుంచి వచ్చింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదువుకుని అమెరికా వెళ్లిన ఎస్. అనంత్ కరుమంచి అప్పుడు బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్‌లో పనిచేస్తున్నారు. వికాస్ సుఖాత్మే, షారన్ మేనార్డ్ తదితరులతో కలిసి, ఈ జబ్బు ఉన్న తల్లుల మాయల్లో ఏ జన్యువులు అతిగా పనిచేస్తున్నాయో వెతికారు. బయటపడ్డ పదార్థం పేరు ఎస్‌ఫ్లిట్-1. 2003లో వారి పరిశోధన అచ్చయింది.

దాన్ని అర్థం చేసుకోవడానికి ముందు ఇంకో రెండు పేర్లు. రక్తనాళాల లోపలి పొరను బతికించి, కొత్త నాళాలు మొలిపించే పదార్థం ఒకటి ఉంది, వీఈజీఎఫ్. దాని చుట్టం లాంటిది, మాయలో బాగా తయారయ్యేది పీఎల్‌జీఎఫ్ (ప్లాసెంటల్ గ్రోత్ ఫ్యాక్టర్). మాయలోనే మొదట దొరికింది కాబట్టి మాయ పేరుతోనే పిలుస్తారు. ఇటలీ శాస్త్రవేత్తలు 1991లో దాన్ని వెలికితీశారు. ఈ రెండూ నాళాల గోడల మీదున్న ఫ్లిట్-1 అనే గ్రాహకానికి అతుక్కుని తమ పని చేస్తాయి. అదే గ్రాహకం గోడకు అంటిపెట్టుకునే భాగం లేకుండా పొట్టిగా తయారై, రక్తంలో తేలుతూ తిరిగితే అదే ఎస్‌ఫ్లిట్-1. అది దారిలోనే వీఈజీఎఫ్‌నూ పీఎల్‌జీఎఫ్‌నూ పట్టేసుకుంటుంది. చెరువు కాలువకు పై మడివాళ్లు గండి కొట్టి నీళ్లన్నీ మళ్లించుకుంటే కింది మళ్లు ఎండిపోయినట్టు, తల్లి ఒంట్లోని నాళాల పొర ఆ పదార్థాలు అందక దెబ్బతింటుంది. నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. కిడ్నీలో జల్లెడ వాచి, ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది. నర్సమ్మ గొట్టంలో తెల్లగా పేరుకున్నది అదే.

కరుమంచి బృందం ఇక్కడితో ఆగలేదు. చూలు ఎలుకల్లో ఎస్‌ఫ్లిట్-1 పెరిగేట్టు చేస్తే వాటికి బీపీ వచ్చింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది, కిడ్నీలో అచ్చం ఈ జబ్బు మార్పులే కనిపించాయి. మనుషుల్లోనూ ఒక సాక్ష్యం ఉంది. కేన్సర్ గడ్డకు రక్తనాళాలు మొలవకుండా వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందులు ఇస్తారు. అవి తీసుకున్న కొందరు రోగులకు బీపీ పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం కనిపిస్తాయి. వాళ్లలో మగవాళ్లూ ఉన్నారు. గర్భమే లేని ఒంట్లో గర్భిణి జబ్బు ఛాయలు! నాకు ఈ ఒక్క సంగతే మొత్తం సిద్ధాంతాన్ని నమ్మించింది. ఇంకొకటి: ఫ్లిట్-1 జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంది. కడుపులో బిడ్డకు ఆ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడుంటే తల్లికి ఈ జబ్బు ముప్పు పెరుగుతుందని అంతకుముందే గమనించారు. లెక్క సరిపోయింది.

2004లో రిచర్డ్ లెవిన్, కరుమంచి తదితరులు దాచి ఉంచిన పాత రక్త నమూనాలను పరీక్షించి ముఖ్యమైన మాట చెప్పారు. జబ్బు బయటపడటానికి సుమారు ఐదు వారాల ముందు నుంచే ఎస్‌ఫ్లిట్-1 పెరగడం మొదలవుతోంది. పీఎల్‌జీఎఫ్ అయితే ఇంకా ముందే తక్కువగా ఉంటోంది. ఆరోగ్యంగా సాగే గర్భంలో పీఎల్‌జీఎఫ్ ఏడు, ఎనిమిది నెలల దాకా ఎక్కి, తర్వాత దిగుతుంది. జబ్బు రాబోయే గర్భంలో అది సరిగా ఎక్కదు. కాబట్టి ఎస్‌ఫ్లిట్-1ను పీఎల్‌జీఎఫ్‌తో భాగించి వచ్చే నిష్పత్తిని చూస్తే మాయ పరిస్థితి తెలుస్తుంది.

ఆ నిష్పత్తికి గీత ఎక్కడ గీయాలి? 14 దేశాల్లో జరిగి 2016లో వెలువడిన ప్రోగ్నోసిస్ అధ్యయనం 38 దగ్గర గీసింది. జబ్బు అనుమానంతో వచ్చిన గర్భిణికి నిష్పత్తి 38 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే, వచ్చే వారం లోపల జబ్బు రాదని 99.3 శాతం ధైర్యంగా చెప్పవచ్చని తేలింది. ఇక 38 దాటినవాళ్లలో నాలుగు వారాల్లో జబ్బు వచ్చింది 36.7 శాతం మందికే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పరీక్ష "నీకు జబ్బు వస్తుంది" అని చెప్పడంలో ఓ మాదిరిది. "ఈ వారం నీకు రాదు" అని చెప్పడంలో గట్టిది. చాలామంది ఇది విని పెదవి విరుస్తారు. నా దృష్టిలో దీని విలువంతా ఆ "రాదు"లోనే ఉంది. ఎందుకో చెప్తాను.

ఇద్దరు గర్భిణులను ఊహించుకోండి. ఇద్దరికీ 31 వారాలు. ఇద్దరి బీపీ 142/92. ఇద్దరికీ కాస్త తలనొప్పి, కాళ్లకు నీరు. మూత్రంలో ఇద్దరికీ ప్రొటీన్ ఉందీ లేదన్నట్టుంది. ఇవాళ ఇక్కడి పీహెచ్‌సీలో డాక్టర్ ఇద్దరినీ సిద్దిపేటకు పంపాలి, వేరే దారి లేదు. అక్కడ పడకలు ఖాళీ లేకపోతే హైదరాబాద్ గాంధీకో, పేట్లబురుజుకో. దాదాపు 85 కిలోమీటర్లు. వెంట అత్తో తల్లో ఉండాలి, భర్త కూలి పోవాలి, ఇంట్లో ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే పక్కింట్లో వదలాలి. నాలుగు రోజులుండి, ఏమీ కాక, "ఊరికే తిప్పిండ్రు" అనుకుంటూ తిరిగొస్తారు. ఇట్లా ఒకటికి రెండుసార్లు జరిగితే, మూడోసారి నిజంగా తల పగిలిపోతున్నా ఆ పిల్ల చెప్పదు. ఈ సంగతి నాకన్నా ఆశా అక్కలకే బాగా తెలుసు.

ఇప్పుడు ఆ ఇద్దరి రక్తం పరీక్షించామనుకోండి. ఒకరి నిష్పత్తి 12. ఆమెను ఇంటికి పంపి, రెండు రోజులకోసారి బీపీ చూస్తూ, వారం తర్వాత మళ్లీ పరీక్షించవచ్చు. ఇంకొకరిది 190. ఆమెకు బీపీ ఇంకా పెద్దగా ఎక్కకపోయినా సరే, నవజాత శిశువుల ప్రత్యేక వైద్యవిభాగం (ఎస్ఎన్‌సీయూ) ఉన్న చోటికి ఈ పూటే పంపాలి. బిడ్డ ఊపిరితిత్తులకు స్టెరాయిడ్ ఇంజక్షన్ వేసే సమయం దొరుకుతుంది. పడక ఆమెకే దక్కుతుంది. బయటికి ఒక్క తీరుగా కనిపించిన ఇద్దరినీ రక్తం విడదీసి చూపింది.

నగరంలో ఈ పరీక్ష లేకపోయినా గండం గట్టెక్కవచ్చు. పది నిమిషాల దూరంలో ఆసుపత్రి ఉన్నవాళ్లు ఒంట్లో తేడా చేసిన క్షణం వెళ్లగలరు. ఇక్కడ అర్ధరాత్రి ఫిట్స్ వస్తే 108 వచ్చి, సిద్దిపేట చేరేలోపు ఎంత సమయం పోతుందో మీకు తెలుసు. దూరం ఉన్నచోటే ముందు తెలియడం అవసరం. కానీ ఇవాళ ఈ పరీక్ష డబ్బు కట్టగలిగిన నగరవాసులకే దొరుకుతోంది. ఇది న్యాయం కాదు.

బ్రిటన్‌లో ఈ పరీక్ష ధనికులకని పక్కన పెట్టలేదు. అక్కడి 11 ప్రసూతి కేంద్రాల్లో జరిగిన పారట్ అధ్యయనం 2019లో వెలువడింది. పీఎల్‌జీఎఫ్ ఫలితం డాక్టర్ చేతికిస్తే, జబ్బు నిర్ధారణకు పట్టే కాలం మధ్యగత విలువ 4.1 రోజుల నుంచి 1.9 రోజులకు తగ్గింది. తల్లులకు తీవ్రమైన ఇబ్బందులూ తగ్గాయి. అక్కడి ప్రభుత్వ వైద్యంలోనే ఇప్పుడు దీన్ని వాడమంటున్నారు. అమెరికా ప్రభుత్వం 2023 మేలో అనుమతించింది.

మనకేం అడ్డం? ప్రత్యేకమైన కొత్త మహాయంత్రం అక్కర్లేదు. థైరాయిడ్ పరీక్షలు చేసే తరహా ఆటోమేటిక్ మిషన్ల మీదే ఇది నడుస్తుంది, కొన్నింటి మీద 18 నిమిషాల్లో ఫలితం వస్తుంది. పల్లె పీహెచ్‌సీలో తీసిన రక్తాన్ని జిల్లా కేంద్రానికి చేర్చే ఏర్పాటు మనకు ఇప్పటికే ఉంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలై, 2021 జూన్‌లో జిల్లాలకు విస్తరించినప్పుడు సిద్దిపేట కూడా ఆ జాబితాలో ఉంది. థైరాయిడ్, షుగర్ రక్తం వెళ్లే దారిలోనే ఈ రక్తమూ వెళ్లగలదు. లేనిది కిట్ల కొనుగోలు, ఆ నిర్ణయం. ప్రతి గర్భిణికీ చేయమని నేను అడగడం లేదు. 20 వారాలు దాటి, 37 వారాలు నిండక ముందు, బీపీ గానీ లక్షణాలు గానీ ఉండి అనుమానం వచ్చినవాళ్లకు చేస్తే చాలు. రాష్ట్రమంతా ఒకేసారి పెడితే ధర ఎంత దిగుతుందో కొనుగోలు సంగతులు తెలిసినవాళ్లను అడగండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 38 అనే గీత ఎక్కువగా యూరప్ తల్లుల రక్తంలోంచి వచ్చింది. ఆసియాలో చేసిన అధ్యయనంలో చైనా, జపాన్, దక్షిణ కొరియా, థాయిలాండ్ లాంటి దేశాలున్నాయి, మన దేశం లేదు. మన పిల్లలు చాలామంది సన్నగా, రక్తహీనతతో గర్భం దాలుస్తారు. బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉన్నా పీఎల్‌జీఎఫ్ తగ్గుతుంది. కవలలుంటే ఎస్‌ఫ్లిట్-1 పెరుగుతుంది. ఒక కంపెనీ మిషన్ అంకెను ఇంకో కంపెనీ గీతతో పోల్చకూడదు. నెలలు నిండాక వచ్చే జబ్బును ఈ పరీక్ష అంత బాగా పట్టలేదు. అందుకని పరీక్ష మొదలుపెట్టే రోజే మన తల్లుల లెక్కలు రాయడమూ మొదలుపెట్టాలి. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. అక్కడి పీజీ విద్యార్థులకు ఇంతకన్నా మంచి పరిశోధనాంశం దొరకదు.

పరీక్ష రాకముందు కూడా చేయదగ్గవి చాలా ఉన్నాయి. వాటిని వదిలేసి కిట్ల కోసం ఎదురుచూస్తే నర్సమ్మ మనల్ని క్షమించదు.

మొదటిది ఆస్పిరిన్. 2017లో వచ్చిన ఆస్ప్రే అధ్యయనంలో, ముప్పు ఎక్కువున్న గర్భిణులకు మూడో నెల చివర నుంచి 36 వారాల దాకా రోజూ పడుకునే ముందు 150 మిల్లీగ్రాములు ఇచ్చారు. నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. ఆ ముప్పు లెక్క కట్టడంలోనూ పీఎల్‌జీఎఫ్ ఒక భాగం. అది లేకపోయినా, గత కాన్పులో బీపీ వచ్చినవాళ్లు, కవలలున్నవాళ్లు, ముందునుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎవరో అడిగితే తెలుస్తుంది. మూడో నెలలో డాక్టర్‌కు చూపిస్తే మాత్ర మొదలుపెడతారు. చాలా చవకైన మాత్ర. ఆరో నెలలో మొదలుపెడితే అదే మాత్ర పెద్దగా పనికిరాదు. కాబట్టి గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే పేరు నమోదు చేయించండి.

రెండోది కాల్షియం. బెంగళూరులోనూ టాంజానియాలోనూ చేసి 2024లో ప్రచురించిన అధ్యయనం, రోజుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చినా 1500 ఇచ్చినంత ఫలితమే ఉందని ప్రీఎక్లాంప్సియా విషయంలో చూపింది. ఇంటికిచ్చిన కాల్షియం మాత్రలు అల్మారాలో మగ్గనీయకండి.

మూడోది మెగ్నీషియం సల్ఫేట్. మన ప్రాంతంలో ఫిట్స్‌కు వైద్యం అంటే ఒకప్పుడు మద్రాస్ ఎగ్మోర్ ఆసుపత్రి డాక్టర్ కృష్ణ మీనన్ పద్ధతి. మత్తుమందులు కలిపి ఇచ్చే ఆ పద్ధతి గురించి ఆయన 1961లో రాశారు, దేశమంతా పాటించారు. తర్వాత 1995లో భారతదేశం కూడా పాల్గొన్న పెద్ద అధ్యయనం, ఫిట్స్ మళ్లీ రాకుండా ఆపడంలో మెగ్నీషియం సల్ఫేటే మేలని తేల్చింది. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లులతో చేసిన మ్యాగ్‌పై అధ్యయనం, ముందే ఇస్తే ఫిట్స్ ముప్పు సగానికి తగ్గుతుందని చూపింది. పెద్దాసుపత్రికి పంపే ముందు మొదటి డోసు ఏఎన్ఎం వేయవచ్చు. ఒక్కో గ్రాము ఆంపూళ్లు పది విరగ్గొట్టి, ఒక్కో పిరుదులో ఐదు గ్రాముల చొప్పున లోతుగా కండలోకి. ఆ పది ఆంపూళ్లు మీ సబ్‌సెంటర్ పెట్టెలో ఉన్నాయో లేదో, గడువు తేదీ దాటిందో లేదో, రేపు పొద్దున పోగానే చూసుకోండి.

బీపీ చూడటం గురించి ఏఎన్ఎంలకు ఒక్క మాట. నడిచొచ్చిన పిల్లను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనుడు ఇచ్చి, కాళ్లు నేలకు ఆనించి, చేతిని గుండె ఎత్తులో పెట్టి చూడాలి. వచ్చిన అంకెనే రాయాలి. అందరికీ 120/80 రాసి ఉన్న కార్డు చూసినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది. రాసిన అంకె మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. కాన్పు అయిపోయిందని వదలకండి. ఆ తర్వాత కూడా, ముఖ్యంగా మొదటి వారంలో, ఫిట్స్ రావచ్చు. ఒకసారి ఈ జబ్బు వచ్చిన తల్లికి ముందుముందు గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. ఏటా ఆమె బీపీ చూపించుకోవాలి.

జిల్లా ఆరోగ్యశాఖ అధికారులకు ఈ వేదిక మీద నుంచి నా విన్నపం: తెలంగాణ డయాగ్నస్టిక్స్ పరీక్షల జాబితాలో ఈ నిష్పత్తి పరీక్షను చేర్చండి. ముందు సిద్దిపేట జిల్లాలో మొదలుపెట్టండి, చేర్యాల, కొమురవెల్లి మండలాల నుంచి వచ్చే రక్తంతో మొదలుపెట్టండి. జాతర ఆదివారాల్లో గుట్ట కింద ఇప్పుడున్న వైద్యశిబిరంలో గర్భిణులకు విడిగా ఒక బల్ల వేయించి, బీపీ, మూత్రం చూపించండి. తల్లులకు, అత్తలకు, భర్తలకు విన్నపం: ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. ఆ రోజు తప్పకుండా తీసుకురండి. ఆగని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి డొక్క కింద నొప్పి, మొహం వాపు, వీటిలో ఏది కనిపించినా 9వ తేదీ దాకా ఆగకండి. అదే రోజు, అదే పూట 108కు ఫోన్ చేయండి.